గిటార్ రాక్ రిగ్: ప్రీయాంప్ దగ్గర కాదు, స్పీకర్ దగ్గర మొదలుపెట్టండి

గిటార్ రాక్, అంటే యాంప్, ఎఫెక్ట్స్ డబ్బాలన్నీ ఒకే చట్రంలో బిగించిన సెట్, కట్టుకోవాలనుకునే వాళ్లు దాదాపు అందరూ మొదట అడిగేది ఒకటే: "ఏ ప్రీయాంప్ తీసుకోవాలి?" గిటార్ సిగ్నల్‌కి మొదట రంగు దిద్దే ఆ పెట్టె మీదే డబ్బులో ఎక్కువ భాగం పెట్టేస్తారు. మిగిలిన దాంతో ఏదో ఒక పవర్ యాంప్ (స్పీకర్‌ని నడిపే యాంప్), చేతికందిన ఎఫెక్ట్స్ ప్రాసెసర్, ఆఖర్న పొడవు చాలని కేబుళ్లు కొంటారు. ఈ వరుసను తిరగేయాలని నా సలహా. మీ శబ్దం చివరికి ఎక్కడి నుంచి బయటికి వస్తుందో ముందు తేల్చుకోండి. అది తేలితే పవర్ యాంప్ ఏదో తెలుస్తుంది. ఆ తర్వాత ఎఫెక్ట్స్ ఎలా కలపాలో తెలుస్తుంది. ప్రీయాంప్ ఎంపిక అన్నిటికన్నా తేలికైన పనిగా మిగులుతుంది. రాక్‌లో ప్రీయాంప్ అంటే నాలుగు స్క్రూలు విప్పి మార్చుకోగలిగే డబ్బా. మీ అవసరానికి సరిపడని పవర్ యాంప్ చుట్టూ కట్టిన రాక్‌ని మాత్రం మొత్తం విప్పుకోవాల్సిందే.

కొలతల సంగతి ముందే చెప్పేస్తాను. రాక్ పరికరాల ముందు పలక వెడల్పు 19 అంగుళాలు. ఎత్తును యూనిట్లలో చెబుతారు. 1యు అంటే 1.75 అంగుళాలు, అంటే 44.45 మిల్లీమీటర్లు. టెలిఫోన్ పరికరాల నుంచి స్టూడియోలకు, స్టూడియోల నుంచి గిటారిస్టులకు వచ్చిన కొలత ఇది. 1980ల్లో లాస్ ఏంజెలెస్ సెషన్ గిటారిస్టులకు ఒకే రోజు నాలుగు రకాల శబ్దాలు కావాల్సి వచ్చేది. స్టీవ్ లూకథర్, మైకేల్ లాండో లాంటి వాళ్లకు బాబ్ బ్రాడ్‌షా తన కస్టమ్ ఆడియో ఎలక్ట్రానిక్స్ తరఫున స్విచింగ్ వ్యవస్థలు కట్టి ఇచ్చాడు. కాలితో ఒక బటన్ నొక్కితే యాంప్ ఛానల్, డిలే, కోరస్ అన్నీ ఒకేసారి మారేవి. లెక్సికాన్ పీసీఎం 70, టీసీ 2290 లాంటి స్టూడియో ఎఫెక్ట్స్ పెట్టెలు గిటార్ వెనక చేరాయి. 1987లో వచ్చిన ఏడీఏ ఎంపీ-1 అనే వాక్యూమ్ ట్యూబ్ ప్రీయాంప్ సెట్టింగులను 128 మెమరీల్లో దాచి, మిడితో (పరికరాలు ఒకదానికొకటి ఆదేశాలు పంపుకునే డిజిటల్ పద్ధతి) పిలిచే వీలు కల్పించింది. తర్వాత మీసా ట్రైయాక్సిస్, మార్షల్ జేఎంపీ-1 వచ్చాయి.

ఆ రాక్‌లు పుట్టడానికి కారణం ఒక అవసరం. చాలా శబ్దాలు కావాలి, పాట మధ్యలో తక్షణం మారాలి, ప్రతి రాత్రీ ఒకేలా రావాలి. మీకు ఈ మూడూ అవసరమైతే ఇక్కడి నుంచి చదవండి. ఇంట్లో హెడ్‌ఫోన్స్‌తో వాయించుకునేవాళ్లకి, నెలకో జామ్‌కి వెళ్లేవాళ్లకి రాక్ అనవసరం. మంచి ఫ్లోర్ మోడలర్ (యాంపుల, ఎఫెక్ట్స్ శబ్దాన్ని డిజిటల్‌గా అనుకరించే కాలి పెట్టె) ఒకటి చాలు. మిగిలిన డబ్బుతో గిటార్‌కి మంచి పికప్స్ వేయించుకోవచ్చు, ఆ తేడా వెంటనే వినిపిస్తుంది.

శబ్దం ఎక్కడి నుంచి రావాలి?

జవాబు మూడింటిలో ఒకటి అవుతుంది: స్టేజి మీద మీ సొంత స్పీకర్ క్యాబినెట్ నుంచి, లేదా నేరుగా పీఏ (హాల్లో జనానికి వినిపించే పెద్ద సౌండ్ సిస్టమ్) నుంచి, లేదా రెండింటి నుంచీ.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ వైపు సంగీత్‌లు, కాలేజీ ఫెస్టులు, కార్పొరేట్ షోలు చేసే బ్యాండ్లకు ఎక్కువగా రెండో పరిస్థితే ఎదురవుతుంది. సౌండ్ వాళ్లు ఒక లైన్ ఇస్తారు, మానిటర్ ఇస్తారు లేదా ఇన్-ఇయర్స్ వాడమంటారు. సౌండ్ చెక్‌కి పది నిమిషాలు దొరికితే అదృష్టం. అక్కడ 4x12 క్యాబ్ (12 అంగుళాల స్పీకర్లు నాలుగున్న క్యాబినెట్) తీసుకెళ్లి మైక్ పెట్టించుకుంటానంటే, ఆ మైక్ ఎవరు పెడతారు, ఏ మైక్ పెడతారు, స్పీకర్ కోన్‌కి ఎంత దూరంలో పెడతారు అనేది మీ చేతిలో ఉండదు. మైక్ రెండు అంగుళాలు పక్కకి జరిగితే శబ్దం పూర్తిగా మారిపోతుంది. ఎన్ని లక్షలు పెట్టి కట్టిన రాక్ అయినా ఆ రెండు అంగుళాల దగ్గర ఓడిపోతుంది.

ఇలాంటి చోట కావాల్సింది ఐఆర్, అంటే ఇంపల్స్ రెస్పాన్స్. ఒక స్పీకర్, దాని క్యాబినెట్, ముందు పెట్టిన మైక్, ఈ మూడూ కలిసి శబ్దాన్ని ఎలా మారుస్తాయో రికార్డు చేసిన చిన్న డిజిటల్ ఫైల్ అది. ప్రీయాంప్ సిగ్నల్‌ని దాని గుండా పంపితే మైక్ పెట్టిన క్యాబ్ లాంటి శబ్దం మిక్సర్‌కి వెళుతుంది, ప్రతి ఊళ్లోనూ అదే వెళుతుంది. ఐఆర్ లేకుండా డిస్టార్షన్ ప్రీయాంప్‌ని నేరుగా మిక్సర్‌కి ఇస్తే దోమ చెవిలో దూరినట్టు ఉంటుంది, కారణం గిటార్ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదాన్ని చాలావరకు కోసేస్తుంది, పీఏ స్పీకర్ అలా కోయదు.

సొంత పాటలు వాయించే బ్యాండ్లు, డ్రమ్స్ పక్కనే నిలబడి గాలి కదలిక ఒంటికి తగలాలనుకునేవాళ్లు క్యాబ్‌ని వదులుకోలేరు. అది నిజమైన అవసరమే, గిటార్‌కి ఫీడ్‌బ్యాక్ సస్టెయిన్ దొరికేది కూడా అక్కడే. వాళ్లకి నేను చెప్పేది మూడో దారి: వెనక ఒక 2x12 క్యాబ్, పీఏకి ఐఆర్ లైన్. ఈ రెండు అవుట్‌పుట్లకీ వేర్వేరు వాల్యూమ్, వేర్వేరు ఈక్యూ (బేస్, ట్రెబుల్ సర్దుబాటు) ఉండాలి. స్టేజి మీద బేస్ తగ్గించుకున్న ప్రతిసారీ హాల్లో కూడా బేస్ పోతుంటే ఆ రిగ్‌తో వేగలేరు. కొనేముందు ఈ ఒక్కటి అడగడం మరిచిపోకండి.

పవర్ యాంప్: ట్యూబా, క్లాస్-డీనా?

ట్యూబ్ పవర్ యాంప్ స్పీకర్‌తో మాట్లాడే తీరే వేరు. దాని అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (ఓమ్స్‌లో కొలిచే విద్యుత్ నిరోధం) ఎక్కువ, అందువల్ల స్పీకర్ ఇంపిడెన్స్ పెరిగే చోట, అంటే లో-ఎండ్ రెజొనెన్స్ దగ్గర, పై ఫ్రీక్వెన్సీల దగ్గర, శబ్దం కూడా ఉబ్బుతుంది. గట్టిగా పిక్ కొడితే కాస్త నొక్కుకుని మళ్లీ లేస్తుంది. వేళ్లకి తెలిసే తేడా ఇది, దీన్ని భ్రమ అనే వాళ్లతో నేను ఏకీభవించను.

కానీ దాని ఖర్చు కూడా చూడండి. మీసా 2:90 రాక్ పవర్ యాంప్‌లో ఎనిమిది 6ఎల్6 రకం పవర్ ట్యూబులు ఉంటాయి. ఒక్కో 6ఎల్6 ఫిలమెంట్ 6.3 వోల్టుల దగ్గర 0.9 ఆంపియర్లు తీసుకుంటుంది. అంటే ఒక్క నోటు కూడా వాయించకముందే ఫిలమెంట్లే 45 వాట్ల వేడి పుట్టిస్తాయి. బయాస్ కరెంటు (వాయించకపోయినా ట్యూబుల్లో పారే కరెంటు) వల్ల పుట్టే వేడి దీనికి అదనం, అదే ఎక్కువ కూడా. మే నెలలో ఓపెన్ గ్రౌండ్‌లో, 42 డిగ్రీల ఎండలో, మూత మూసిన రాక్ పెట్టెలో ఈ వేడి పైనున్న డిజిటల్ ప్రాసెసర్‌ని ఉడకబెడుతుంది. ఒక ట్యూబ్ పోతే మ్యాచ్ చేసిన సెట్ తెప్పించాలి, చాలా యాంపుల్లో బయాస్ కూడా సరిచేయించాలి. ఆ పని తెలిసిన టెక్నీషియన్ మీ ఊళ్లో ఉన్నాడా అనేది ట్యూబ్ పవర్ యాంప్ కొనేముందు కనుక్కోవాల్సిన సంగతి. లేకపోతే దాన్ని బెంగళూరుకో చెన్నైకో మోసుకెళ్లాలి.

ఇంకొకటి, ఇందులో రాజీ లేదు: ట్యూబ్ పవర్ యాంప్‌ని స్పీకర్ గానీ లోడ్ బాక్స్ (స్పీకర్ బదులు యాంప్ శక్తిని మింగే పెట్టె) గానీ లేకుండా ఎప్పుడూ ఆన్ చేసి వాయించకూడదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ఈరోజు క్యాబ్ వద్దు, నేరుగా పీఏకి వెళదాం అనుకుంటే రియాక్టివ్ లోడ్, అంటే స్పీకర్‌లాగే ప్రవర్తించే లోడ్ బాక్స్, తప్పనిసరి. అంటే ఇంకో పెట్టె, ఇంకో ఖర్చు, ఇంకాస్త బరువు.

ట్యూబులు లేకుండా ట్రాన్సిస్టర్లతో పనిచేసే క్లాస్-డీ పవర్ యాంప్ ఈ విషయంలో చాలా సుఖం. లోడ్ లేకపోయినా నష్టం లేదు, చెప్పిన ఇంపిడెన్స్ కంటే తక్కువ ఓమ్స్ క్యాబ్ తగిలించకుండా ఉంటే చాలు. బరువు చాలా తక్కువ. సీమోర్ డంకన్ పవర్‌స్టేజ్ 170 పెడల్‌బోర్డు మీద పట్టే సైజులో 4 ఓమ్స్ దగ్గర 170 వాట్లు ఇస్తుంది. కెంపర్ పవర్‌ర్యాక్‌లో 600 వాట్ల క్లాస్-డీ యాంప్ లోపలే ఉంటుంది. వాట్లు చూసి ట్యూబ్ యాంప్‌తో పోల్చకండి. 50 వాట్ల ట్యూబ్ యాంప్ దాని గీత దాటాక కూడా వినసొంపుగా విరుగుతుంది. క్లాస్-డీ గీత దాటితే కటువుగా క్లిప్ అవుతుంది, అందుకే దానికి హెడ్‌రూమ్ (క్లిప్ అయ్యేలోపు మిగిలే శక్తి) మూడు నాలుగు రెట్లు ఉంచుకోవాలి. 8 ఓమ్స్ క్యాబ్ మీద దాని వాట్లు సుమారు సగమవుతాయన్నది కూడా లెక్కలో పెట్టుకోండి.

నెలకి నాలుగైదు షోలు వేర్వేరు ఊళ్లలో చేసేవాళ్లకి నేను క్లాస్-డీనే చెబుతాను. ట్యూబ్ రుచి ప్రీయాంప్ నుంచి చాలావరకు దొరుకుతుంది. స్టూడియోలోనో, సొంత ప్రాక్టీస్ హాల్లోనో రిగ్ కదలకుండా ఉంటే మాత్రం ట్యూబ్ పవర్‌కి ఖర్చు పెట్టండి, అది ఇచ్చే ఆనందానికి సాటి లేదు.

ప్రీయాంప్: పాతది, మాడ్యూలా, మోడలరా?

మొదటి దారి పాత ప్రోగ్రామబుల్ ట్యూబ్ ప్రీయాంపులు. ట్రైయాక్సిస్, జేఎంపీ-1, ఎంపీ-1 ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. శబ్దం అద్భుతంగా ఉంటుంది, ఎత్తు 1యు మాత్రమే. అయితే ఈ డిజైన్లు వచ్చి 30 ఏళ్లు దాటాయి. మెమరీ నిలబెట్టే బ్యాటరీ, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు, లోపలి స్విచింగ్ చిప్పులు, ముందు పలక బటన్లు, వీటిలో ఏదో ఒకటి పని అడుగుతుంది. మీరే సోల్డరింగ్ ఐరన్ పట్టుకోగలిగితే, లేదా నమ్మకమైన టెక్నీషియన్ ఉంటే తీసుకోండి. ఒకే రిగ్ మీద బతుకుతెరువు ఉన్నవాళ్లకి మాత్రం ఇది టెన్షనే.

రెండో దారి మాడ్యూల్స్. ఈగ్నేటర్, రాండల్ మొదలుపెట్టిన ఆలోచనను ఇప్పుడు సినర్జీ కొనసాగిస్తోంది. సిన్-2 అనే రాక్ పెట్టెలో రెండు మాడ్యూల్స్ దూర్చుకోవచ్చు. ఒక్కో మాడ్యూల్‌లో రెండు 12ఏఎక్స్7 ట్యూబులు, రెండు ఛానళ్లు ఉంటాయి. సొల్డానో, ఫ్రీడ్‌మన్, బోగ్నర్, డీజెల్ లాంటి పేర్లతో మాడ్యూల్స్ వస్తాయి. పెట్టె, పవర్ సప్లై ఒక్కసారి కొని, శబ్దం మారాలంటే మాడ్యూల్ ఒక్కటే మార్చుకుంటారు. అక్కర్లేనిది అమ్మేసుకోవచ్చు. క్లీన్ కోసం ఒకటి, గెయిన్ కోసం ఒకటి పెట్టుకుంటే నాలుగు ఛానళ్లు మిడితో మారతాయి. ఒక సంగతి గుర్తుంచుకోండి: ఇక్కడ నాబ్‌లు అనలాగ్. ట్రైయాక్సిస్‌లో లాగా గెయిన్, ట్రెబుల్ విలువలు ప్రీసెట్‌లో దాచుకోలేరు, ఏ ఛానల్ అన్నది మాత్రమే మారుతుంది. నాకు ఇదే నచ్చుతుంది, స్టేజి మీద చేయి పెట్టి తిప్పితే మారుతుంది, మెనూలు లేవు. పాటకో ప్రీసెట్ అలవాటైనవాళ్లకి ఇది ఇబ్బందిగా అనిపించవచ్చు.

మూడో దారి రాక్ మోడలర్. ఫ్రాక్టల్ యాక్స్-ఎఫ్‌ఎక్స్ 3, లైన్ 6 హీలిక్స్ రాక్, కెంపర్ రాక్, మూడూ 3యు ఎత్తు. యాంపు, క్యాబు, ఎఫెక్ట్స్, ఐఆర్, రౌటింగ్ అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. కెంపర్ తీరు కాస్త వేరు, అసలు యాంప్‌కి టెస్ట్ సిగ్నల్స్ పంపి దాని ప్రొఫైల్ తీసుకుంటుంది. సెట్‌లో 25 పాటలు, ప్రతి పాటకీ వేరే గిటార్ శబ్దం కావాల్సిన కవర్ బ్యాండ్‌కి వీటిని మించినవి లేవు. లోపం ఏమిటంటే ఆ ఒక్క పెట్టె ఆగితే షో మొత్తం ఆగుతుంది. అందుకే మోడలర్ కొనేవాళ్లు ప్రీసెట్లను ల్యాప్‌టాప్‌లో బ్యాకప్ ఉంచుకోవాలి, బ్యాగులో ఒక చిన్న పెడల్ సైజు యాంప్ సిమ్యులేటర్ కూడా పెట్టుకోవాలి.

ఎఫెక్ట్స్: రాక్ అసలు గొప్పతనం ఇక్కడే

డిలే, రివర్బ్‌లను సిగ్నల్ దారిలోనే వరుసగా పెట్టడం సిరీస్. అసలు గిటార్ శబ్దాన్ని ముట్టుకోకుండా, దాని కాపీని ఎఫెక్ట్‌కి పంపి, వచ్చిన తడి శబ్దాన్ని, అంటే ఎఫెక్ట్ మాత్రమే ఉన్న శబ్దాన్ని, లైన్ మిక్సర్‌లో కలపడం ప్యారలల్. ప్యారలల్‌లో ఎఫెక్ట్ పెట్టె మిక్స్‌ని 100 శాతం తడిగా పెట్టాలి, దాన్నే కిల్-డ్రై అంటారు.

రెండింటి తేడా వినాలంటే ఒక చిన్న పరీక్ష చేయండి. ఎఫెక్ట్ పెట్టెను సిరీస్‌లో పెట్టి, మిక్స్ సున్నా చేసి, ఒక పవర్ కార్డ్‌ని అరచేత్తో మ్యూట్ చేస్తూ వాయించండి. ఇప్పుడు కేబుల్ పీకి పెట్టెను దాటేసి అదే వాయించండి. చవక ప్రాసెసర్ అయితే రెండోసారి పిక్ దెబ్బ ముందుకొచ్చినట్టు ఉంటుంది. మొదటిసారి మీ సిగ్నల్ అనలాగ్ నుంచి డిజిటల్‌కి, మళ్లీ అనలాగ్‌కి మారి వచ్చింది, ఒకటి రెండు మిల్లీసెకన్లు ఆలస్యమైంది. ఆలస్యం ఒక్కటే అయితే భయపడక్కర్లేదు, శబ్దం మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి మూడు మిల్లీసెకన్లంటే క్యాబ్‌కి ఒక మీటరు దూరం జరిగినట్టే. ఇబ్బంది ఎక్కువగా కన్వర్టర్ నాణ్యతది, సిగ్నల్ స్థాయి కుదరకపోవడంది.

ప్యారలల్‌లో పెడితే అసలు శబ్దం ఎప్పుడూ అనలాగ్‌గా, చెక్కుచెదరకుండా స్పీకర్‌కి చేరుతుంది. 1980ల లాస్ ఏంజెలెస్ రాక్‌లలో ఆ విశాలత వెనక ఉన్నది ఇదే. ఇంకో అడుగు ముందుకు వేస్తే వెట్-డ్రై-వెట్: మధ్యలో ఒక క్యాబ్‌లో పొడి గిటార్, రెండు పక్కలా ఎఫెక్ట్స్ మాత్రమే స్టీరియోలో. వినడానికి అంత అందమైన గిటార్ శబ్దం మరొకటి లేదని నా గట్టి అభిప్రాయం. మూడు ఛానళ్ల పవర్, మూడు క్యాబ్‌లు, మోయడానికి మనుషులు కావాలి కాబట్టి సిఫారసు చేయడానికి మాత్రం వెనకాడతాను. డ్రై శబ్దానికి ఒకటి, ఎఫెక్ట్స్‌కి ఒకటి చొప్పున రెండు క్యాబ్‌లతో చేసినా దాని అందం చాలా మటుకు దక్కుతుంది.

ఇప్పుడు రాక్ ఎఫెక్ట్స్ కొత్తవి తక్కువ. ఈవెంటైడ్ హెచ్90, స్ట్రైమన్ బిగ్‌స్కై లాంటి పెడల్స్‌నే రాక్ షెల్ఫ్ మీదో, లాగుడు డ్రాయర్‌లోనో పెట్టి మిడితో నడపడం మామూలైపోయింది. మంచి పద్ధతే. పెడల్ లైన్ స్థాయిని తట్టుకుంటుందా అన్నది మాత్రం చూసుకోండి. రాక్ పరికరాలు ప్రొఫెషనల్ లైన్ స్థాయిలో, అంటే +4 డీబీయూలో పనిచేస్తుంటే, గిటార్ స్థాయికి తయారైన పెడల్ ఇన్‌పుట్ క్లిప్ అవుతుంది. చాలా వాటిలో ఈ స్థాయిని మెనూలో మార్చుకోవచ్చు.

వా పెడల్, ఫజ్, ఓవర్‌డ్రైవ్ ప్రీయాంప్ ముందు ఉండాలి. పాత ఫజ్‌లకి గిటార్ నేరుగా తగలాలి, మధ్యలో బఫర్ (సిగ్నల్ బలహీనపడకుండా కాపాడే సర్క్యూట్) ఉంటే వాటి స్వభావం పోతుంది. ఫజ్ తర్వాత మాత్రం మంచి బఫర్ ఒకటి తప్పనిసరి. స్టేజి మీంచి రాక్ దాకా పది మీటర్ల కేబుల్ పోతే దాని కెపాసిటెన్స్‌కి పికప్ పై ఫ్రీక్వెన్సీలు రాలిపోతాయి.

ఒక్క నొక్కుడులో ఏం జరుగుతుంది

కంట్రోలర్ మీద "సోలో" బటన్ నొక్కారనుకుందాం. ఒక్కో పరికరానికీ రెండు బైట్ల ప్రోగ్రామ్ ఛేంజ్ సందేశం పోతుంది. మిడి వేగం సెకనుకి 31,250 బిట్లు, బైటుకి 10 బిట్లు, అంటే ఒక సందేశం 0.64 మిల్లీసెకన్లలో పూర్తవుతుంది. నాలుగు పరికరాలకి కలిపి మూడు మిల్లీసెకన్లలోపే. ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ప్రీయాంప్‌లో రిలే టక్కుమని ఛానల్ మారుస్తుంది, లూప్ స్విచర్ ఓవర్‌డ్రైవ్‌ని దారిలోకి తెస్తుంది, డిలే పెట్టె కొత్త ప్యాచ్ లోడ్ చేస్తుంది. ఆలస్యమంతా ఈ చివరి దాంట్లోనే ఉంటుంది. కొన్ని ప్రాసెసర్లు ప్యాచ్ మార్చేటప్పుడు క్షణం పాటు మూగబోతాయి, పాత డిలే తోక తెగిపోతుంది. సిరీస్‌లో ఉంటే ఆ క్షణం గిటార్ మొత్తం ఆగుతుంది. ప్యారలల్‌లో ఉంటే ఎఫెక్ట్ మాత్రమే ఆగుతుంది, వినేవాళ్లకి తెలియదు. కొనేముందు షాపులోనైనా, అమ్మేవాళ్ల ఇంట్లోనైనా దీర్ఘంగా ఒక నోటు పట్టుకుని ప్యాచ్ మార్చి వినండి.

పాత ప్రీయాంప్ లేదా మాడ్యూల్ దారిలో వెళ్లేవాళ్లకి మిడి కంట్రోలర్‌తో పాటు లూప్ స్విచర్ కావాలి. వూడూ ల్యాబ్ జీసీఎక్స్ 1యు ఎత్తులో ఎనిమిది లూపులు ఇస్తుంది. ఆర్‌జేఎం కూడా ఈ పనికి పేరున్న సంస్థ. మోడలర్ దారిలో వెళ్లేవాళ్లకి దాని సొంత ఫుట్ కంట్రోలరే హాయి. ఐదు పిన్నుల మిడి కేబుల్ 15 మీటర్లు దాటించకూడదు. కంట్రోలర్‌కి అదే తీగలో కరెంటు కూడా పంపాలంటే అదనపు పిన్నులున్న కేబుల్ వాడతారు, స్టేజి ముందు అడాప్టర్ బాధ తప్పుతుంది.

కరెంటు: మన దగ్గర ఇదే పెద్ద పరీక్ష

అమెరికా నుంచి బంధువులతో తెప్పించుకునేవాళ్లు ముందు వెనక పలక మీద అక్షరాలు చదవండి. 100-240 వోల్టులని ఉంటే ప్లగ్ మారిస్తే చాలు. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అది వోల్టేజి తగ్గిస్తుంది కానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. 60 హెర్ట్జ్‌కి లెక్కగట్టి చేసిన ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో 50 హెర్ట్జ్ దగ్గర ఫ్లక్స్ 20 శాతం పెరుగుతుంది, అది ఎక్కువ వేడెక్కుతుంది. ట్యూబ్ పవర్ యాంప్‌ని ఇలా తెప్పించుకోవడం నాకు ఇష్టం లేదు, 230 వోల్టుల రకమే వెతకండి.

పెళ్లిళ్లలో, జాతరల్లో జనరేటర్ మీద నడిచే స్టేజీలకి ఒక మల్టీమీటర్ తప్పకుండా తీసుకెళ్లండి. రాక్ ప్లగ్ పెట్టకముందు ఫేజ్‌కి న్యూట్రల్‌కి మధ్య కొలవండి, 207 నుంచి 253 మధ్య ఉండాలి. తర్వాత న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య కొలవండి, ఒకటి రెండు వోల్టులైతే బాగున్నట్టు. పదులలో ఉంటే ఎర్తింగ్ లేదు. త్రీ ఫేజ్ సరఫరాలో న్యూట్రల్ వదులైతే మీ సాకెట్‌లో వోల్టేజి 400 దాకా ఎగబాకవచ్చు. సర్జ్ ప్రొటెక్టర్, మామూలు పవర్ కండిషనర్ దాన్ని ఆపలేవు. ఎక్కువ వోల్టేజికి తనంతట తానే కట్ అయ్యే పరికరం రాక్‌కి ముందు ఉండాలి. మొత్తం బడ్జెట్‌లో నేను మొదట ఖర్చు పెట్టమనేది దీని మీదే.

హమ్ వస్తే ఎర్త్ పిన్ విరగ్గొట్టే అలవాటు ఇప్పటికీ కొందరికి ఉంది. దయచేసి ఆ పని చేయకండి. ట్యూబ్ పరికరాల లోపల 400 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది, లోపం వస్తే అది గిటార్ తీగల మీదికి, అక్కడి నుంచి మైక్ తాకిన పెదవి మీదికి వస్తుంది. హమ్‌ని ఇలా వెతకండి: పవర్ యాంప్ ఒక్కటే ఆన్ చేసి వినండి. ప్రీయాంప్ కలిపి వినండి. ఎఫెక్ట్స్ ఒక్కొక్కటిగా చేర్చండి. ఏది తగిలించగానే హమ్ మొదలైందో ఆ ఆడియో దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. పీఏకి లైన్ ఇచ్చినప్పుడే వస్తే డీఐ బాక్స్ (సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే పెట్టె) మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కండి, అది సురక్షితం. రాక్ అంతా ఒకే సాకెట్ నుంచి కరెంటు తీసుకుంటే సగం బాధ అసలు రానే రాదు.

ఎవరికి ఏది

వారానికి రెండు షోలు, పెద్ద కవర్ సెట్, సౌండ్ వాళ్ల పీఏ మీద ఆధారపడే బ్యాండ్: రాక్ మోడలర్, దాని కంట్రోలర్, 4యు పెట్టె. పవర్ యాంప్ కూడా అక్కర్లేదు.

సొంత పాటలు, రెండు మూడు శబ్దాల్లోనే పాటంతా నడిపే గిటారిస్ట్: మాడ్యూల్ ప్రీయాంప్, ప్యారలల్‌లో ఒకటే మంచి ఎఫెక్ట్స్ పెట్టె, క్లాస్-డీ పవర్, 2x12 క్యాబ్, ఐఆర్ లైన్. నన్ను ఒక్కటే ఎంచుకోమంటే ఇదే ఎంచుకుంటాను. మొత్తం 4యు లేదా 6యులో సరిపోతుంది. పదేళ్ల తర్వాత కూడా ఇందులో ఒక్కొక్క ముక్కనే మార్చుకుంటూ పోవచ్చు.

స్టూడియోలో సెషన్లు చేసేవాళ్లు: అదే మాడ్యూల్ ప్రీయాంప్, రియాక్టివ్ లోడ్‌తో ట్యూబ్ పవర్ యాంప్. పొడి సిగ్నల్‌ని కూడా వేరే ట్రాక్‌లో రికార్డు చేసుకుంటే శబ్దం తర్వాత మార్చుకోవచ్చు.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ వీకెండ్ తెలుగు ఈవెంట్లకు వాయించేవాళ్లకి పాత ట్యూబ్ ప్రీయాంపులు మంచి ఎంపికే. అక్కడ సెకండ్ హ్యాండ్ సరుకు దొరుకుతుంది, టెక్నీషియన్లు దొరుకుతారు, వోల్టేజి గొడవ లేదు.

పెట్టె, తీగలు

బరువైన పవర్ యాంప్ అడుగున, దాని పైన 1యు ఖాళీ, అక్కడ జాలీ ఉన్న పలక. ప్రీయాంప్, ఎఫెక్ట్స్ మధ్యలో, ట్యూనర్, పవర్ పంపిణీ పైన. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పరికరానికి ఆనుకుని ప్రీయాంప్ పెట్టకండి, హమ్ పీల్చుకుంటుంది. వెనక కరెంటు తీగలు ఒక పక్కనుంచి, ఆడియో తీగలు రెండో పక్కనుంచి పోవాలి. తప్పనిసరిగా దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి, పక్కపక్కనే నడిపించవద్దు.

రైలులో, టెంపో ట్రావెలర్‌లో తిరిగేవాళ్లు లోపలి ఫ్రేమ్ రబ్బరు మీద వేలాడే షాక్ మౌంట్ పెట్టె తీసుకోండి. విమానంలో చెక్-ఇన్ చేయాలంటే ఒక్కో పెట్టె 32 కిలోలు దాటకూడదని గుర్తుంచుకోండి, చాలా ఎయిర్‌లైన్స్ అంతకన్నా బరువైన దాన్ని బ్యాగేజీగా తీసుకోవు. ట్యూబ్ పవర్ యాంప్‌తో 6యు రాక్ సులువుగా ఆ గీత దాటేస్తుంది, అందుకే పవర్ యాంప్‌కి వేరే 2యు పెట్టె చేయిస్తారు.

వెనక పలకలోకి స్టేజి మీద చేయి పెట్టాల్సిన పని రాకూడదు. ముందువైపు 1యు జాక్ పలక ఒకటి వేయించి గిటార్ ఇన్, మిడి, క్యాబ్ అవుట్, పీఏ అవుట్ నాలుగూ అక్కడికే తెచ్చుకోండి. క్యాబ్ అవుట్‌కి స్పీకాన్ (మెలితిప్పి బిగించే స్పీకర్ కనెక్టర్) వాడండి, మామూలు పావు అంగుళం జాక్ వాడితే చీకట్లో ఎవరో గిటార్ కేబుల్‌నే స్పీకర్‌కి తగిలిస్తారు. ప్రతి తీగ రెండు చివర్లా పేరు రాసి అంటించండి. రాక్ స్క్రూలు, కేజ్ నట్లు పది అదనంగా ఒక కవర్‌లో వేసి, టార్చి, ఫ్యూజులు, ఒక స్పేర్ 12ఏఎక్స్7తో పాటు డ్రాయర్‌లో పెట్టుకోండి.